అతుకు పక్కన అంగుళం

ఉక్కు సైకిల్ ఫ్రేము ఎక్కడ విరుగుతుంది? ఎందుకు విరుగుతుంది? విరగకుండా ఎలా అతకాలి? గొట్టాలు అతకడం బాగా తెలిసిన హైదరాబాద్‌లోని కాప్రా నుంచి ఒక కథనం.

సైకిల్ ఫ్రేము విరిగిందంటే చూపు ముందు అతుకు మీదికే పోతుంది. ‘వెల్డింగ్ ఊడింది’ అని తీర్పు చెప్పేస్తాం. కుషాయిగూడలోనో, ఈసీఐఎల్ చౌరస్తా వెనక సందుల్లోనో గ్యాస్ వెల్డింగ్ షాపు ముందు రిపేరుకు పడి ఉన్న ఫ్రేములను ఒకసారి వంగి చూడండి. చాలావాటిలో అతుకు దిట్టంగానే ఉంటుంది. పగులు దానికి కాస్త పక్కన, గొట్టం మీద కనిపిస్తుంది. హ్యాండిల్ కింది నుంచి పెడళ్ళ వైపు దిగే లావు గొట్టం ఉంటుంది చూడండి, దాని అడుగున, అతుకు దగ్గరి తొడుగు (లగ్గు) అంచును ఆనుకుని, వెంట్రుకంత గీత. మొదట అక్కడ రంగు పొక్కుతుంది. తర్వాత ఆ గీత వెంట తుప్పు చెమ్మ తేలుతుంది. ఆపైన ఏ గుంతలోనో చక్రం దిగబడ్డ రోజున గొట్టం నోరు తెరుస్తుంది.

ఉక్కు ఫ్రేములు కట్టేవాళ్ళ పనితనమంతా ఈ సంగతి చుట్టూనే తిరుగుతుంది. రెండు గొట్టాలను ఊడకుండా కలపడం పెద్ద విషయం కాదు. చేయి తిరిగిన వెల్డరు ఎవరైనా కలుపుతాడు. కలిపేటప్పుడు పక్కనున్న గొట్టాన్ని చెడగొట్టకుండా ఉండాలి. కలిపాక బలమంతా ఒక్క గీత దగ్గర పోగుపడకుండా చూడాలి. అసలు కష్టం అక్కడుంది.

కాప్రాలో కూర్చుని ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. చెరువు పక్క పల్లెగా ఉన్న ఈ ఊరి చుట్టూ 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, అంటే మన ఎన్ఎఫ్‌సీ, వచ్చాయి. ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్ అయింది. ఎన్ఎఫ్‌సీ అనగానే అందరికీ యురేనియం గుర్తొస్తుంది కానీ, అక్కడ జరిగే పనిలో పెద్ద భాగం గొట్టాల పని. జిర్కోనియం మిశ్రమలోహాన్ని అతుకు లేని గొట్టంగా సాగదీసి, మిల్లీమీటరులో సగం కూడా లేని గోడ మందానికి తెచ్చి, లోపల ఇంధన గుళికలు పేర్చి, రెండు చివరలా మూతలు వెల్డింగ్ చేస్తారు. అలాంటి గొట్టాలు 19 కలిపితే 220 మెగావాట్ల రియాక్టరుకు వేసే ఒక కట్ట అవుతుంది. పెద్ద రియాక్టర్లకు 37 కలుపుతారు. మూత దగ్గర సూదిమొనంత సందు ఉన్నా హీలియం పరీక్షలో బయటపడాలి. ఈ పని చేసి రిటైరైనవాళ్ళు కమలానగర్‌లోనూ, హెచ్‌బీ కాలనీలోనూ సాయంత్రం నడకకు వస్తుంటారు. ఇటు కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు, ఆర్గాన్ సిలిండర్లు పెట్టుకున్న చిన్న షెడ్లు వరసగా ఉన్నాయి. ఒక సైకిల్ ఫ్రేము కట్టడానికి కావలసిన పనిముట్లన్నీ ఈ నాలుగైదు కిలోమీటర్లలోనే దొరుకుతాయి. అయినా ఆదివారం తెల్లారి సైనిక్‌పురి మీదుగా కీసరగుట్ట వైపు హెల్మెట్లు పెట్టుకుని వెళ్ళే గుంపును గమనిస్తే, వాళ్ళ కింది ఫ్రేములు చాలామటుకు తైవాన్‌వో చైనావో. నాకిది వింతగానే తోస్తుంది.

త్రికోణం కాని త్రికోణం

సైకిల్ ఫ్రేమును రెండు త్రికోణాల జోడు అంటారు. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిలు తర్వాత పదేళ్ళు తిరగకుండానే ఈ ఆకారం స్థిరపడింది. ఇప్పటికీ మారలేదు. కానీ ముందు భాగాన్ని పరకాయించి చూస్తే అది త్రికోణం కాదు. హ్యాండిల్ పోలు దూరే హెడ్ ట్యూబుకు కొంత పొడవుంది. పైనుంచి మనం రాడ్డు అనే టాప్ ట్యూబు, కింది నుంచి డౌన్ ట్యూబు వేర్వేరు చోట్ల దానికి వచ్చి తగులుతాయి. కాబట్టి అది నాలుగు మూలల బొమ్మ.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మూడు మూలల బొమ్మను మేకులతో వదులుగా బిగించినా ఆకారం మారదు. గొట్టాల మీద లాగుడు, నొక్కుడు తప్ప వంపు పడదు. నాలుగు మూలలది అలా కాదు. మూలలు బిర్రుగా ఉంటేనే నిలబడుతుంది, లేకపోతే పక్కకు ఒరిగిపోతుంది. అంటే సైకిల్ ముందు భాగంలో అతుకులు వంపు బలాన్ని మోసి తీరాలి. పగుళ్ళు ఎక్కువగా హెడ్ ట్యూబు దగ్గరే రావడానికి మూలం ఇదే.

ఇక బలాలు ఎటు నుంచి వస్తాయో చూద్దాం. సైకిలెక్కి కూర్చున్నారు. ముందు చక్రం నేలనుంచి పైకి నెడుతుంది. చక్రం ఇరుసు హెడ్ ట్యూబుకన్నా ముందుంది కాబట్టి ఫోర్కు ముందుకు చాచుకోబోతుంది. అప్పుడు డౌన్ ట్యూబు సాగుతుంది, టాప్ ట్యూబు నలుగుతుంది. ఇప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టండి, లేదా గుంత అంచుకు కొట్టండి. ఫోర్కు వెనక్కి తోసుకుంటుంది. లెక్క తిరగబడుతుంది: డౌన్ ట్యూబు నలుగుతుంది, టాప్ ట్యూబు సాగుతుంది. నేరుగా గోడకు గుద్దిన సైకిల్లో డౌన్ ట్యూబు హెడ్ లగ్గు వెనక ముడతపడి ఉబ్బడం చాలామంది చూసే ఉంటారు. అది ఒక్కసారికే జరిగిన పని. మిగతా ఫ్రేముల్లో అదే చోట రోజూ సాగి, నలిగి, సాగి, నలిగి కొన్నేళ్ళకు పగులు పుడుతుంది. బైండింగ్ తీగను అటూ ఇటూ వంచి తుంచడం లాంటిదే, కాకపోతే ఇక్కడ వంపు కంటికి ఆనదు.

పెడళ్ళ వైపు కథ వేరు. కుడికాలు తొక్కినప్పుడు పెడళ్ళ ఇరుసు ఉండే బీబీ షెల్లు ఒకవైపు మెలి పడుతుంది, ఎడమకాలికి రెండోవైపు. ఈ బలం ఫ్రేము తలానికి అడ్డంగా వచ్చేది కాబట్టి త్రికోణమైనా చతుర్భుజమైనా ఒకటే, ఆకారం ఏమీ కాపాడదు. గొట్టాల లావు, అతుకుల బిగువు మాత్రమే కాపాడతాయి. సైకిళ్ళ అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210 లో దీనికొక పరీక్ష ఉంది. నగరాల్లో తొక్కే సైకిల్ ఫ్రేమును బిగించి, దాదాపు వంద కిలోల బరువుతో సమానమైన తోపుడును ఒకదాని తర్వాత ఒకటిగా రెండు పెడళ్ళ మీదా లక్షసార్లు వేస్తారు. ఎక్కడా పగులు కనిపించకూడదు. నిమిషానికి 60 చుట్లు తిప్పే మనిషికి గంటకు 3,600 తొక్కుళ్ళు. అంటే లక్ష అనేది పట్టుమని 28 గంటల లెక్కే. అయితే మామూలుగా తొక్కేటప్పుడు అంత బరువు పడదు, సీటు మీంచి లేచి గుట్ట ఎక్కేటప్పుడే పడుతుంది.

ఇలా పదేపదే పడే బలానికి లోహం అలసిపోతుందని లోకం సైకిళ్ళ దగ్గర నేర్చుకోలేదు, రైళ్ళ దగ్గర నేర్చుకుంది. 1842 మేలో పారిస్ దగ్గర వెర్సాయ్ రైలు ఇంజను ఇరుసు విరిగి యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులను ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి విరగ్గొట్టి ఒక సంగతి తేల్చాడు. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోపలుండే బలం ఎన్నిసార్లు పడ్డా విరగదు. హద్దు దాటితే మాత్రం సార్లు లెక్కపెట్టుకోవాల్సిందే. ఇంకొకటి కూడా తేలింది: పగులు మొదలయ్యేది మందం ఉన్నట్టుండి మారే మూల దగ్గర. ఈనాటికీ రైల్వేవాళ్ళు ఇరుసులను అల్ట్రాసోనిక్ పరీక్షకు పెట్టి వెతికేది ఆ పగుళ్ళనే. కాప్రాకు కూతవేటు దూరంలో మౌలాలీ లోకో షెడ్డు ఉన్నందుకు, ఈ పాఠం మనకు కొత్తదేమీ కాకూడదు.

ఉక్కుకున్న ఈ హద్దు అల్యూమినియానికి లేదు. ఎంత చిన్న బలమైనా ఎప్పటికో ఒకప్పటికి లెక్కలోకి వస్తుంది. అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు అంత లావుగా ఉండటానికి ఇదొక కారణం. ఉక్కు గొట్టం సన్నగా ఉండి కూడా తరాలు నడుస్తుంది, అతుకు దగ్గర హద్దు దాటనివ్వకపోతే.

మంటకు ముందు ఆకురాయి

ఫ్రేము బలం గురించి మాట్లాడేవాళ్ళు వెంటనే మంట దగ్గరికి పోతారు: గ్యాసా, ఆర్కా, టిగ్గా అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది ఆకురాయి.

ఒక గొట్టం ఇంకో గొట్టాన్ని పక్కనుంచి తగిలే చోట, తగిలే గొట్టం చివరను చేప నోరులా వంపుగా కోయాలి. ఆ వంపు అవతలి గొట్టం ఒంటికి చుట్టూతా అంటుకోవాలి. సమకోణంలో తగిలితే పని తేలిక. సైకిల్లో బీబీ షెల్లు దగ్గర తప్ప అలా ఉండేది తక్కువ. సీటు గొట్టం, హెడ్ ట్యూబు రెండూ నేలకు సుమారు 73 డిగ్రీలు వాలి ఉంటాయి, డౌన్ ట్యూబు హెడ్ ట్యూబును ఇంచుమించు 60 డిగ్రీలకు తగులుతుంది. ఏటవాలు పెరిగేకొద్దీ నోరు ఒకవైపు లోతెక్కువ, ఒకవైపు తక్కువ. పాత పద్ధతిలో ఈ కోత గీతను లెక్కగట్టి కాగితం మీద గీసి, కాగితాన్ని గొట్టానికి చుట్టి, గీత వెంట రంపంతో కోసి, అర్ధచంద్రం ఆకురాయితో అరగదీస్తారు. లేత్ ఉంటే గొట్టాన్ని కోణానికి బిగించి, సరిపడే వ్యాసమున్న హోల్ సాతో ఒక్క దెబ్బలో కోయవచ్చు. రెండిట్లో ఏదైనా చివరి పరీక్ష ఒకటే. జోడించి వెనకాల లైటు పెడితే వెలుతురు గీత ఎక్కడా కనిపించకూడదు.

సందు ఉంటే ఏమవుతుంది? వెల్డరు దాన్ని లోహంతో నింపుతాడు. నింపాలంటే ఎక్కువసేపు వేడి పెట్టాలి. వేడి ఎక్కువైతే పక్క గొట్టం పాడవుతుంది, చల్లారేటప్పుడు సందు ఉన్న వైపుకు లాక్కుని ఫ్రేము వంకర పోతుంది. ఆ వంకరను తర్వాత కడ్డీ పెట్టి వంచి సరిచేస్తారు. అలా వంచినప్పుడు పడ్డ ఒత్తిడి అతుకు అంచున శాశ్వతంగా ఉండిపోతుంది. ఒక్క ఆకురాయి పని సరిగ్గా జరగనందుకు ఇంత వరస.

ఇంకో సంగతి. గొట్టాలన్నీ మూసుకుపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి, కరిగిన లోహంలోంచి బుడగలుగా పొడుచుకొస్తుంది. అందుకే హెడ్ ట్యూబులోకి, బీబీ షెల్లులోకి తెరుచుకునేలా గాలిబెజ్జాలు వేస్తారు. పూర్తయిన ఫ్రేములో అవి బయటికి కనిపించవు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు మరిచిపోయేది వీటినే.

ఇత్తడి, వెండి, వెలిగారం

మన పెద్దవాళ్ళు తొక్కిన నల్ల సైకిళ్ళన్నీ లగ్గులవే. లగ్గు అంటే గొట్టాలు దూర్చే తొడుగు. లగ్గులో గొట్టం దూర్చి, వేడి చేసి, మధ్య సందులోకి కరిగిన ఇత్తడిని పారిస్తారు. దీన్నే బ్రేజింగ్ అంటారు. గొట్టపు ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీలు కావాలి, ఇత్తడి పుల్ల 900 దగ్గరే కరుగుతుంది. అంటే గొట్టం కరగదు, ఎర్రగా కాలుతుందంతే. కంసాలి బంగారు తీగకు మాటు పెట్టినా, పెంబర్తిలో ఇత్తడి రేకును అతికినా సూత్రం ఇదే: అతికే లోహం అతుక్కునే లోహంకన్నా ముందు కరగాలి. తుప్పు పొరను తిని ఉపరితలాన్ని శుభ్రం చేయడానికి అందరూ వాడేదీ వెలిగారమే.

ఇక్కడ చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. సందులో ఇత్తడి ఎంత పలచగా ఉంటే అతుకు అంత గట్టిది. లగ్గుకూ గొట్టానికీ మధ్య కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు చాలు. అంత ఇరుకైతే కరిగిన లోహం దానంతటదే లోపలికి పాకుతుంది. చల్లారాక రెండు వైపులా ఉన్న ఉక్కు ఆ పలచని పొరను సాగనివ్వదు, అందుకే అది తన సొంత బలంకన్నా ఎక్కువ మోస్తుంది. అదే సందు మిల్లీమీటరుకు పెరిగితే మోసేది మెత్తని ఇత్తడి ముద్ద మాత్రమే.

ఒక చిన్న లెక్క వేద్దాం. అంగుళం వ్యాసం, అంటే 25.4 మిల్లీమీటర్ల టాప్ ట్యూబు. గోడ మందం 0.9 మిల్లీమీటర్లు. గొట్టాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ఉక్కు విస్తీర్ణం దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లు. ఇది లగ్గులోకి 20 మిల్లీమీటర్లు దూరిందనుకోండి. చుట్టుకొలత 80 కాబట్టి అంటుకున్న విస్తీర్ణం 1,600 చదరపు మిల్లీమీటర్లు. ఇరవై రెట్లకు పైనే! ఇత్తడి ఎంత మెత్తనిదైనా, అందులో సగం చోట పారకపోయినా, ముందు తెగేది గొట్టమే.

మరి అంత పొడుగు లగ్గులెందుకు? ఆ మొనదేలిన చివరలు, ఆ నగిషీలు ఎందుకు? అందం కోసమని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే. కానీ లగ్గు అంచు మొద్దుగా, గుండ్రంగా ఆగిపోతే మందం ఆ గీత దగ్గర ఒక్కసారిగా తగ్గుతుంది. వోలర్ చెప్పిన మూల అదే. అంచును ఆకురాయితో పలచగా అరగదీసి, మొనలుగా సాగదీస్తే మందం మెల్లగా తగ్గుతుంది, వంపు ఒక్క గీత మీద పడకుండా పంచుకుంటుంది. చేత్తో ఫ్రేములు కట్టేవాళ్ళు రోజంతా లగ్గుల అంచులు అరగదీస్తూ కూర్చునేది అందుకే. కర్మాగారంలో రేకును అచ్చు కొట్టి చేసిన లగ్గుకు అంత భాగ్యం ఉండదు.

లగ్గు లేకుండా కూడా ఇత్తడితో అతకవచ్చు. నోరు కోసిన గొట్టాన్ని ఆనించి, మూల చుట్టూ ఇత్తడిని నునుపైన వంపుగా పేర్చి అరగదీస్తారు. ఏ కోణానికైనా పనికొస్తుంది, మందం కూడా మెల్లగా మారుతుంది. నాకు అన్నిట్లోకీ ఇదే ఇష్టం. కాకపోతే ఆకురాయి పట్టి అరగదీసే ఓపికను బట్టి దాని ఖరీదు ఉంటుంది.

వెండి కలిసిన పుల్లలు 650 డిగ్రీల దగ్గరే కరుగుతాయి కాబట్టి గొట్టానికి ఇంకా క్షేమం. కానీ వెండి సందు నింపదు, ఇరుకులోకి పారడమే తెలుసు. ఇత్తడికి ఇంకో పేచీ కూడా ఉంది. అందులోని జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది. మంట కాస్త ఎక్కువైందంటే తెల్లటి పొగ లేస్తుంది, పని చేసినవాడికి రాత్రి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే సరిపోతుందని వెల్డింగ్ షాపుల్లో ఒక నమ్మకం. షెడ్డు తలుపులు బార్లా తెరిచిపెట్టడం అంతకన్నా మంచి మందు.

అన్నిటికన్నా మోసకారి తప్పు వేరే ఉంది. గొట్టాన్ని బలవంతంగా వంచి క్లాంపు వేసి, ఆ బిగింపులోనే ఇత్తడి పారిస్తే, కరిగిన ఇత్తడి సాగి ఉన్న ఉక్కు రేణువుల సందుల్లోకి చొరబడుతుంది. పైకి అతుకు అందంగా కనిపిస్తుంది, లోపల పగులు అప్పుడే పుట్టి ఉంటుంది. ఫ్రేమును నిలిపి పట్టే జిగ్గులో గొట్టాలు ఏ బలవంతమూ లేకుండా వాటంతటవి కూర్చోవాలి అనేది ఇందుకే.

చివర మందం, నడుమ పలచన

అతుకు దగ్గర గొట్టం బలహీనపడక తప్పదంటే, అక్కడే మందం పెంచి మిగతా చోట తగ్గిస్తే? ఈ ఆలోచనకు 1897లో బర్మింగ్‌హామ్‌లో మేకుల కర్మాగారం నడిపే కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ పేటెంటు తీసుకున్నాడు. బయటి వ్యాసం అంతటా ఒకటే. లోపల మాత్రం చివరలు మందం, నడుమ పలచన. వీటిని బటెడ్ గొట్టాలంటారు. ఈనాటి మంచి గొట్టంలో చివర 0.8 మిల్లీమీటర్లుంటే నడుమ 0.5 ఉంటుంది. 1935లో ఆ కంపెనీ మాంగనీసు, మాలిబ్డినం కలిపిన 531 అనే ఉక్కు తెచ్చింది. దశాబ్దాల తరబడి పందెం సైకిళ్ళ మీద ఆ మూడంకెల స్టిక్కరే గొప్ప.

రెనాల్డ్స్ 1928లోనే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థలో కలిసింది. ఆ సంస్థే 1949లో మురుగప్ప వాళ్ళతో కలిసి మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ పెట్టింది. మన ఊళ్ళలో హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళు అక్కడి నుంచే వచ్చాయి. కానీ బటెడ్ గొట్టం మన నల్ల సైకిలుదాకా రాలేదు. మనకొచ్చింది అంతటా ఒకే మందమున్న మెత్తని ఉక్కు గొట్టం. బరువెక్కువ, నిజమే. కానీ దాని గొప్ప దానికుంది. మందపు గొట్టం అతుకు తప్పులను క్షమిస్తుంది. వేడి ఎక్కువైనా, సందు మిగిలినా, మోయడానికి ఇంకా ఉక్కు మిగిలే ఉంటుంది. పాలక్యాన్లు రెండువైపులా, ముందు రాడ్డు మీద పిల్లవాడు, వెనక గడ్డిమోపుతో పల్లె దారుల్లో పడి లేచిన సైకిలుకు క్షమించే గొట్టమే కావాలి. మరీ బరువులకు రాడ్డు కింద ఇంకో రాడ్డు ఉన్న డబుల్ బార్ ఫ్రేములు వచ్చాయి. హెడ్ ట్యూబు దగ్గరి వంపును రెండు అతుకులకు బదులు మూడు పంచుకోవడం అది.

సన్నని గొట్టం క్షమించదు. బటెడ్ గొట్టాన్ని పొడవుకు తగ్గట్టు కోసేటప్పుడు ఏ చివరనుంచి ఎంత కోస్తున్నామో చూసుకోవాలి. మందపు చివరనే ఎక్కువగా కోసేస్తే అతుకు పలచటి నడుము మీద పడుతుంది. పైనుంచి చూస్తే ఏ తేడా తెలియదు. తెలిసేది నడిరోడ్డు మీదే.

టిగ్ వెలుగులో

ఇప్పుడు ఉక్కు ఫ్రేములు ఎక్కువగా టిగ్ వెల్డింగ్‌తోనే కడుతున్నారు. ఆర్గాన్ వాయువు కప్పులో టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్కు తీసి, గొట్టాల అంచులనే కరిగించి, సన్నని తీగతో కలిపేయడం. లగ్గు లేదు, ఇత్తడి లేదు, బరువు తక్కువ, పని వేగం. ఇక్కడ మాత్రం గొట్టం నిజంగా కరుగుతుంది. కరిగిన చోటుకు ఆనుకుని, కరగకుండా బాగా కాలిన పట్టీ ఒకటి ఉంటుంది. పగులు వెతుక్కునేది ఆ పట్టీనే.

ఫ్రేములకు వాడే క్రోమోలీ ఉక్కు, అంటే 4130 రకంలో, ఒక శాతం దరిదాపు క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కార్బన్ ఉంటాయి. ఈ మిశ్రమం బాగా కాలి వేగంగా చల్లారితే గట్టిపడి పెళుసెక్కుతుంది. పలచని గొట్టం గాలికే వేగంగా చల్లారుతుంది. దాని మీద తడిగుడ్డ వేయడం, నీళ్ళు చల్లడం లాంటి తొందరలు చేస్తే ఆ పట్టీని చేజేతులా పెళుసు చేసినట్టే. ఫ్యాను కూడా ఆపాలి, ఎలాగూ ఆర్గాన్‌ను చెదరగొడుతుంది.

తీగ ఎంపికలో ఇంకో చిత్రం. గొట్టం ఎంత గట్టి ఉక్కైతే తీగ కూడా అంత గట్టిదవ్వాలని అనిపిస్తుంది. ఫ్రేములు కట్టేవాళ్ళలో చాలామంది వాడేది మెత్తని ఉక్కు తీగ. గొట్టపు లోహం కొంత అందులో కలిసి దానికి బలం వస్తుంది, వెల్డు పూస మందం గొట్టపు మందంకన్నా ఎక్కువ కాబట్టి లోటు పూడుతుంది, అన్నిటికీ మించి మెత్తని లోహం కాస్త సాగుతుంది, పగలదు. పూస అంచున గొట్టం కోసుకుపోయి సన్నని గాడి పడితే మాత్రం ఈ జాగ్రత్తలన్నీ వృథా. పూస అందం చూసి వెల్డింగును మెచ్చుకునేవాళ్ళు చాలామంది. నేనైతే పూసను కాదు, అది గొట్టంలో కలిసే అంచును చూడమంటాను.

వెల్డు చల్లారుతూ తన వైపు లాగుతుంది కాబట్టి వరస కూడా ముఖ్యం. ముందు నాలుగు చోట్ల టాకాలు వేసి, ఎదురెదురు భాగాలుగా పని నడిపిస్తారు. ఒకవైపంతా ఒకేసారి లాగించేస్తే వెనక చక్రం ఒక దారిన, ముందు చక్రం ఇంకో దారిన పోతాయి.

బ్రేజింగా, వెల్డింగా అన్న ఈ తగువు సైకిళ్ళకే పరిమితం కాదు. ఎన్ఎఫ్‌సీ కట్టల్లో గొట్టాలు ఒకదానికొకటి తగలకుండా వాటి ఒంటికి చిన్న చిన్న మెత్తలు అంటిస్తారు. కెనడాలో ఆ మెత్తలను బెరిలియంతో బ్రేజింగ్ చేస్తారు, దానికి గొట్టం ఆ మేరన బాగా కాలాలి, పైగా బెరిలియం ఊపిరితిత్తులకు విషం. మనవాళ్ళు రెసిస్టెన్స్ వెల్డింగ్ దారి పట్టారు. కరెంటు క్షణంలో ఒక్క చుక్క మేర అతికేస్తుంది, పక్క గోడకు వేడి పెద్దగా పాకదు. గోడ అంత పలచగా ఉన్నప్పుడు ఇలా ఆలోచించక తప్పదు. లోహం వేరు, ప్రమాదం వేరు, భయపడేది మాత్రం అతుకు పక్కనున్న గోడ గురించే.

పట్టీ వేస్తే పోతుందా

పగిలిన ఫ్రేము షాపుకు తీసుకెళ్తే మొదట వచ్చే సలహా పట్టీ వేయమని. డౌన్ ట్యూబుకూ హెడ్ ట్యూబుకూ మధ్య మూలలో త్రికోణపు రేకు పెట్టి వెల్డింగ్ చేస్తారు. మూల గట్టిపడుతుంది, అనుమానం లేదు. కానీ రేకు ఆగిపోయే మొన దగ్గర మందం మళ్ళీ ఒక్కసారిగా మారుతుంది. పగులు ఇక్కడినుంచి లేచి అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది. పైగా అది బటెడ్ గొట్టమైతే ఆ మొన సరిగ్గా పలచటి భాగం మీద వాలుతుంది. పట్టీ వేయక తప్పదంటే దాని చివరలు సన్నగా సాగాలి, గొట్టం అడుగున నడుమ గీత మీద కాక పక్కలకు తగలాలి, మొన దగ్గర వెల్డింగును అడ్డంగా ముగించకూడదు.

ఇంకా ముఖ్యమైన జాగ్రత్త. పాత లగ్గుల సైకిలు అతుకులో ఇత్తడి ఉంటుంది. దాని మీద ఆర్కు వెల్డింగో టిగ్గో పెడితే ఇత్తడి కరిగి, కాలుతున్న ఉక్కులోకి చొరబడి అప్పటికప్పుడే చీలికలు తెస్తుంది. షాపువాళ్ళు దీన్ని ‘పట్టడం లేదు’ అంటారు. అంత తెలిసి కూడా మీద ఇంకో పూస వేస్తారు. ఇత్తడితో అతికినదాన్ని ఇత్తడితోనే బాగుచేయాలి.

లగ్గుల ఫ్రేముకు ఉన్న గొప్ప వరం కూడా ఇదే. గొట్టం పగిలితే గొట్టాన్నే మార్చవచ్చు. లగ్గును మళ్ళీ ఎర్రగా కాల్చితే ఇత్తడి కరుగుతుంది, పాత గొట్టం ముక్క ఊడొస్తుంది. మిగిలిన ఇత్తడిని తుడిచి, అదే వ్యాసమున్న కొత్త గొట్టం దూర్చవచ్చు. పాతకాలపు డౌన్ ట్యూబు అంగుళం పైన అరపావు, అంటే 28.6 మిల్లీమీటర్లు. టిగ్ ఫ్రేములో ఈ పని చేయాలంటే రంపంతో కోయాల్సిందే.

మీ సైకిల్ని మీరే చూసుకోవాలంటే దాన్ని తలకిందులుగా నిలబెట్టి గుడ్డతో తుడవండి. డౌన్ ట్యూబు అడుగున హెడ్ ట్యూబు వైపు రెండంగుళాలు. చైన్ వైపు వెనక చక్రానికి పోయే సన్న గొట్టం, అంటే స్టే, బీబీ షెల్లును తగిలే చోటు. వెనక ఇరుసు పట్టుకునే డ్రాపవుట్ల మొదలు. సీటు పోల్ మరీ పైకి లాగి తొక్కేవాళ్ళయితే సీటు లగ్గు వెనక భాగం. రంగులో గీత కనిపిస్తే గోరుతో గీరి, ఉప్పుకాగితంతో రుద్ది చూడండి. రంగు మాత్రమే పగిలి ఉంటే లోహం మెరుస్తుంది. గీత లోహంలోనూ ఉంటే ఆ రోజునుంచి తొక్కడం ఆపి, గ్యాస్ మంట మీద ఇత్తడి పారించడం తెలిసిన మనిషి దగ్గరికి తీసుకెళ్ళండి. కుషాయిగూడలో అడిగితే చూపిస్తారు. గొట్టం మార్చమనండి, పట్టీ వద్దనండి. అతికాక నీళ్ళు కొట్టకుండా దానంతటది చల్లారనివ్వమని పని మొదలుపెట్టకముందే చెప్పండి.